పుట్టిన తేదీ కోసం రంగు గోకిన రోజులు

నేను పనిచేసేది గూడ్స్ పెట్టెలు అద్దెకిచ్చే ఒక అమెరికన్ కంపెనీలో. పట్టాలు మావి కావు, ఇంజన్లు మావి కావు, పెట్టెలు మాత్రం మావి. ఈ దేశంలో తిరిగే గూడ్స్ పెట్టెల్లో సగానికి పైగా ఇలా రైలు కంపెనీలవి కానివే. చేరి ఆరేళ్లయినా, 2024 దాకా నేను మా పెట్టెను ఒక్కదాన్ని కూడా చేత్తో ముట్టుకోలేదు. నాకు అవి ఎక్సెల్‌లో వరుసలు. నాలుగక్షరాల మార్కు, ఆరంకెల నంబరు, ఎక్కడుంది, నిండుగా ఉందా ఖాళీగా ఉందా, అంతే.

ఆ ఏడాది మార్చిలో మా మేనేజర్ ఒక లిస్టు అడిగాడు. మూడేళ్లలో యాభై నిండే బాక్స్‌కార్లు ఎన్నో చెప్పమన్నాడు. బాక్స్‌కార్ అంటే పైకప్పు, పక్క తలుపులు ఉన్న మూతపెట్టె. పేపర్ రోళ్లు, కలప, డబ్బాల సరుకు, ఇలా తడవకూడనివన్నీ దాంట్లోనే వెళ్తాయి. నేను గంటలో ఫిల్టర్ పెట్టి 63 అని పంపేశాను. ఆ గంట పని సరిదిద్దడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

యాభై అనే అంకె ఎక్కడిదో ముందు చెప్పాలి. ఒక రైల్‌రోడ్ పెట్టె ఇంకో రైల్‌రోడ్ పట్టాల మీదికి వెళ్లాలంటే అమెరికన్ రైల్‌రోడ్ల సంఘం, అంటే ఏఏఆర్, పెట్టిన ఇంటర్‌చేంజ్ నిబంధనలకు లోబడాలి. వాటిలో వయసు సంగతి చూసేది రూల్ 88. 1974 జులై 1కి ముందు కట్టిన పెట్టెకు నలభై ఏళ్లు, ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ కట్టినదానికి యాభై. దీనికి తోడు ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ నిబంధన వేరే ఉంది. మొదట కట్టిన తేదీ నుంచి యాభై ఏళ్లు దాటిన పెట్టె ప్రత్యేక అనుమతి లేకుండా తిరగకూడదు. ఇక్కడ 'మొదట కట్టిన' అన్న మాటే ముఖ్యం. మధ్యలో మీరు దానికి కొత్త పక్కలు, కొత్త కప్పు వేసి రీబిల్ట్ అని రాసుకున్నా సరే, ఫెడరల్ లెక్క మొదటి తేదీ నుంచే.

1974 జులై గీత ఎంత విచిత్రమైందో మా ఇన్‌స్పెక్టర్ తర్వాత చెప్పాడు. ఒకే ఆర్డరు, ఒకే ఫ్యాక్టరీ, ఒకే డ్రాయింగు. జూన్ చివర్లో బయటికొచ్చిన పెట్టె 2014లో ఆగిపోయింది. జులై మొదటి వారంలో వచ్చిన దాని చెల్లెలు ఇంకో పదేళ్లు తిరిగింది. నలభై గడువు పొడిగించుకునే దారులు ఉన్నాయి గానీ, వాటికయ్యే ఖర్చు పెట్టడానికి అందరూ ఒప్పుకోరు. ఆ జూన్ పెట్టెల్ని తుక్కుకి తోలినవాళ్లలో ఆయనా ఒకడు. పదేళ్ల తర్వాత కూడా ఆ వారం తేడా మీద ఆయనకు కోపం చల్లారలేదు.

నా లిస్టులో తప్పు ఎలా బయటపడిందంటే, లిస్టులోకి రాని పదకొండు పెట్టెలకు కట్టిన సంవత్సరం 1991 అని ఉంది. కానీ వాటి నంబర్లకు అటూ ఇటూ ఉన్నవన్నీ 1975వి. నంబర్లు సాధారణంగా ఒక ఆర్డరుకు వరసగా ఇస్తారు. మధ్యలో పదకొండు మాత్రం పదహారేళ్ల తర్వాత ఎలా పుట్టాయి? పాత ఫైళ్లు తిరగేస్తే తెలిసింది, మా కంపెనీ ఈ పెట్టెల్ని కొన్నప్పుడు డేటాను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మార్చారు. ఆ మార్పులో ఎవరో రీబిల్ట్ చేసిన తేదీని కట్టిన తేదీ గడిలో వేశారు. ఆ తప్పే అమ్లర్‌లోకి కూడా ఎక్కింది. అమ్లర్ అంటే ఉత్తర అమెరికా రైలు పెట్టెలన్నిటి జాతక పుస్తకం లాంటిది. ఏఏఆర్‌కు చెందిన రైలింక్ సంస్థ దాన్ని నడుపుతుంది. అందులో పెట్టె పొడవు, బరువు, బ్రేకు రకం, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి. తప్పు పుట్టిన తేదీతో ఒక పెట్టె హాయిగా 2041 దాకా తిరిగేసేది, నేను గమనించకపోతే. గమనించినందుకు మెచ్చుకున్నారనుకుంటున్నారా? "ఖచ్చితంగా తెలుసా? వెళ్లి చూసిరా" అన్నారు.

అలా మొదటిసారి పట్టాల దగ్గరికి వెళ్లాను. ఆ పదకొండు పెట్టెలూ అప్పుడు పని లేక ఇల్లినాయ్‌లో ఒక చిన్న రైల్‌రోడ్ పక్క లైనులో, మొక్కజొన్న చేల మధ్య వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాతో వచ్చిన ఇన్‌స్పెక్టర్ అరవై దాటినాయన. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో చక్రం కొలిచే గేజి. నా కొత్త బూట్లు చూసి నవ్వి, ముందు చేసిన పని నీలిజెండా పెట్టడం. పెట్టెల కింద, మధ్య మనుషులున్నారని చెప్పే గుర్తు అది. అది ఉన్నంతసేపు ఎవరూ ఆ పెట్టెల్ని కదపకూడదు, వాటికి ఇంజన్ తగిలించకూడదు. పెట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ తీయకూడదు. "ఇది గుడ్డముక్క కాదు, నీ కాళ్లు" అన్నాడు. ఆ రోజు నేను రెండు పెట్టెల మధ్యకు వెళ్లిన ప్రతిసారీ తల తిప్పి జెండా ఉందో లేదో చూసుకున్నాను.

పుట్టిన తేదీ పెట్టె పక్కన స్టెన్సిల్ చేసి ఉంటుంది. బీఎల్‌టీ అని మూడక్షరాలు, పక్కన నెల, సంవత్సరం. చూడగానే కనిపిస్తుందనుకున్నాను. మొదటి పెట్టె మీద బీఎల్‌టీ ఉండాల్సిన చోట మూడు నాలుగు పొరల రంగు ఉంది. దాని మీద ఎవరో కుర్రాళ్లు గీసిన గ్రాఫిటీ ఉంది. ఇన్‌స్పెక్టర్ గీకుడు బ్లేడు తీసి నా చేతికిచ్చాడు. పైన మా కంపెనీ గోధుమ రంగు పెచ్చులుగా లేచింది. దాని కింద పసుపు. పసుపు కింద చక్కటి నీలం, ఇప్పుడు ఎవరూ వేయని నీలం. నీలం మీద తెల్ల అక్షరాల నీడలు తేలాయి. అది ఏదో చిన్న రైల్‌రోడ్ పేరు, సగమే చదవగలిగాం.

ఆ నీలం కథ ఆయన పెట్టె నీడలో కూర్చుని చెప్పాడు. 1970లలో దేశంలో బాక్స్‌కార్లకు కరువొచ్చింది. ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాల మీద ఉన్నంతకాలం వాళ్లు యజమానికి రోజువారీ అద్దె కట్టాలి. కొత్త పెట్టెలు కట్టించాలని అప్పటి ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఆ అద్దె మీద అదనపు ప్రోత్సాహకం పెట్టింది. ఇన్సెంటివ్ పర్ డీమ్ అంటారు దాన్ని, పొట్టిగా ఐపీడీ. దాంతో పెట్టుబడిదారులు ఎగబడ్డారు. పది పదిహేను మైళ్ల లైను మాత్రమే ఉన్న చిన్న రైల్‌రోడ్ల పేర్ల మీద వందలకొద్దీ పెట్టెలు, మెరిసే రంగుల్లో కట్టించారు. 1974లో పెద్ద రైల్‌రోడ్లు కలిసి రైల్‌బాక్స్ అని పసుపు పెట్టెల ఉమ్మడి కూడా పెట్టుకున్నాయి. తర్వాతి లోడు, ఏ దారైనా అనే అర్థం వచ్చే నినాదం దానిది. తర్వాత 1980ల మొదట్లో మాంద్యం వచ్చింది, సరుకు తగ్గింది. పరాయి పెట్టెల్ని ఎవరికి వాళ్లు ఇంటికి పంపేశారు. పంపితే, ఆ చిన్న రైల్‌రోడ్లకు ఉన్న పెట్టెల్ని నిలబెట్టేంత పట్టాలే లేవు. కొన్నిచోట్ల లైనంతా పెట్టెలే నిండిపోయాయట. ఆ గుంపులో పుట్టినవే ఇవి. ఒకే దశాబ్దంలో మూకుమ్మడిగా కట్టారు కాబట్టి, యాభై కూడా మూకుమ్మడిగానే నిండుతోంది.

పసుపు కింద, నీలం మీద, దొరికింది. బీఎల్‌టీ 5-75. వేలితో తడిమితే అంచు తెలుస్తోంది. ఆ వరసలో 1991 ఊసే లేదు. ఆ వరస కింద ఇంకాస్త పక్కన ఆర్‌బీఎల్‌టీ అని, అంటే రీబిల్ట్ అని, దానికి ఎదురుగా 91 ఉంది. మా డేటాలో తప్పు ఎలా జరిగిందో ఆ రెండు వరసల్లోనే కనిపించింది. ఎవరో పై వరస వదిలి కింది వరస చదివారు.

పదకొండింటికీ అదే పని చేశాం. మూడు రోజులు. ఒక్కో పెట్టె మీద ఎన్ని కాలాల గుర్తులున్నాయో చూడటం నాకు డేటాబేస్ ఎప్పుడూ ఇవ్వని సరదా. ఒకదాని మీద రంగుల గీతల పలక ఇంకా అతుక్కుని ఉంది. 1967లో మొదలైన కార్‌ట్రాక్ పద్ధతిది అది. బార్‌కోడ్‌కు తాత అనుకోవచ్చు, కింది నుంచి పైకి చదివే గీతలు. మట్టి పడితే యంత్రం చదవలేకపోయేది, 1977లో ఎత్తేశారు. పెట్టె కడిగే ఖర్చు ఎవరు పెడతారు మరి! ఇంకోదాని మీద నల్ల చదరంలో పసుపు చుక్క. ఒక రకం 33 అంగుళాల చక్రాలు పగులుతున్నాయని 1978లో ఆ సైజు చక్రాలున్న పెట్టెల్ని తనిఖీ చేశారు. ఆ చక్రాలు లేవని తేలిన పెట్టెకు పసుపు చుక్క, ఉన్నదానికి తెల్ల చుక్క పెట్టారు. ఇక రెండు పక్కలా 2005 నిబంధనతో వచ్చిన మెరిసే టేపు, రాత్రిపూట లెవెల్ క్రాసింగ్‌లో కారువాళ్లకు కనిపించాలని. దాని పక్కనే 1990ల్లో వచ్చిన రేడియో ట్యాగు. అరచేతి వెడల్పు లేని డబ్బా, లోపల బ్యాటరీ ఉండదు. లైను పక్క రీడర్ దగ్గర పెట్టె దాటినప్పుడల్లా నా ఎక్సెల్‌లో ఒక వరస కదిలేది దీనివల్లే. ఇన్నాళ్లూ నాకు పెట్టె అంటే ఈ డబ్బా ఒక్కటే.

తేదీలు తేలాక ఆయన మామూలు తనిఖీ కూడా చేశాడు. చక్రం అంచు, అంటే పట్టా లోపలి వైపు ఆనే ఫ్లాంజి, అరిగి, దాని మందం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు దిగితే ఆ పెట్టె కదలకూడదు. గేజి పెట్టి ఒక్క చూపు చూసి వదిలేసేవాడు. చక్రాలది ఏముంది, మారుస్తారు. పెట్టె జన్మలో ఎన్నిసార్లో మారతాయి. ఆయన ఎక్కువసేపు ఉన్నది పెట్టె కింద. సెంటర్ సిల్ అని పెట్టె మధ్యలో ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లే వెన్నుదూలం ఉంటుంది. రైలు లాగుడంతా దాని గుండానే పోతుంది. దాంట్లో ఆరంగుళాలు మించిన పగులుంటే ఫెడరల్ లెక్కలో అది లోపం. నన్ను కూడా కిందికి రమ్మన్నాడు. టార్చి వేసి, చక్రాల చట్రం పైన దూలం వంగే మూలలో చూపించాడు. వెంట్రుకలా సన్నటి గీత, దాని వెంబడి ఎర్రటి తుప్పు పొడి కారి ఉంది. రంగు మీద గీత పడితే అలా పొడి రాదట. లోహం లోపల రాసుకుంటుంటేనే వస్తుందట. "ఇది ఏడుస్తోంది చూడు" అన్నాడు. కొలిస్తే నాలుగంగుళాలు. ఇంకా లోపం కాదు, కానీ తగ్గేది కాదు.

తర్వాత కప్పు పరీక్ష. ఇదొక్కటి నేను మరిచిపోలేను. పెట్టె లోపలికెక్కి, రెండు తలుపులూ దగ్గరికి మూయించాడు. పూర్తిగా కాదు, బయట ఒక మనిషి చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. లోపల కటిక చీకటి. యాభై ఏళ్ల పేపర్ రోళ్ల, కలప వాసన. కళ్లు అలవాటు పడేదాకా ఏమీ మాట్లాడకుండా నిలబడమన్నాడు. నిలబడితే మెల్లగా నక్షత్రాలు పొడిచాయి. కప్పులో సూదిబెజ్జాలు, రేకు అతుకుల దగ్గర గీతలు, మూలన ఒక తోకచుక్క. ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ వాన పడుతుంది. ఒక చుక్క నీరు పేపర్ రోలు మీద పడితే రోలు మొత్తం వెనక్కొస్తుంది. నేను పదకొండు చీకట్లలో నిలబడ్డాను. పదింట్లో నక్షత్రాలున్నాయి. చివర 417తో ముగిసే పెట్టెలో ఒక్కటీ లేదు. చెక్క నేల కూడా ఎక్కడా కుంగలేదు. ఫోర్క్‌లిఫ్ట్ చక్రాలు నునుపు చేసిన దారి తలుపు దగ్గర మెరుస్తోంది. సెంటర్ సిల్ శుభ్రం. ఇన్‌స్పెక్టర్ చేత్తో గోడ మీద చరిచి, "దీనికి ఇంకో పదిహేనేళ్లు ఏమీ కాదు" అన్నాడు. దాని తేదీ కూడా 5-75.

ఆఫీసుకొచ్చి చెబితే ఎవరికీ నచ్చలేదు. పదకొండు పెట్టెలు ఒక్క రోజులో పదహారేళ్లు ముసలివైపోయాయి కదా, పుస్తకాల్లో వాటి విలువ కూడా అలాగే పడిపోయింది. అకౌంట్స్ ఆవిడ నన్ను చూసే చూపులో, గోకకుండా ఉంటే పోయేది కదా అన్నట్టుండేది. ప్రత్యేక అనుమతి అడుగుదామా అని ఒక మీటింగు జరిగింది. ఫెడరల్ సంస్థకు దరఖాస్తు పెట్టి, తనిఖీలు చేయించి, పెట్టె మీద అది పరిమితికి లోబడిందని గుర్తు వేసి నడిపే వీలుంది. కొందరు యజమానులు నడుపుతారు కూడా. మా లెక్క వేరేలా తేలింది. ఇవి డెబ్బై టన్నుల తరగతి, సరుకుతో కలిపి పట్టా మీద 2,20,000 పౌండ్లు మించకూడదు. ఇప్పుడు కొత్తగా కట్టేవాటికి ఆ పరిమితి 2,86,000. పేపరు మిల్లు నాలుగు పాత పెట్టెలకు బదులు మూడు కొత్తవి అడుగుతుంది, అద్దె కాస్త ఎక్కువైనా. పాతవాటికి అనుమతి తెచ్చుకుని, కప్పులు అతికి, కుదుపు తగ్గించే హైడ్రాలిక్ కుషన్లు మార్చి ఎవరికివ్వాలి? మీటింగు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. 417 ఒక్కదానికైనా అడుగుదాం అన్నాను. ఒక్క పెట్టె కోసం దరఖాస్తు ఎవరు పెడతారని నవ్వారు. నవ్వడంలో తప్పేమీ లేదు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్నేమో.

అమ్లర్‌లో తేదీలు సరిచేశాం. సరిచేయగానే ఆ పదకొండూ మే 2025 గడువుకు వచ్చిపడ్డాయి. మా ఆఫీసు పెట్టుకున్న కట్టుబాటు ఏమిటంటే, గడువుకు నెల ముందే ప్రతి పెట్టె ఖాళీ అయి తుక్కు యార్డు దారి పట్టాలి. నిండు సరుకుతో దారిలో ఉండగా వయసు నిండితే ఆ పెట్టెను తర్వాతి రైల్‌రోడ్ తీసుకోనంటుంది. అప్పుడు సరుకు దింపుడు, ప్రత్యేక ఏర్పాట్లు, ఒకరి మీద ఒకరు బిల్లులు.

ఇల్లినాయ్‌లో ఉన్న ఎనిమిదింటితో గొడవ లేదు. మూడు మాత్రం ఆ మధ్యలో గిరాకీ వచ్చి అద్దెకు వెళ్లాయి. రెండు వచ్చేశాయి. మూడోది 417. కప్పు కారదని మిల్లువాళ్లకు తెలుసు, వదలరు. ఇక లోడు చేయొద్దని మార్చిలో రాశాం, సరేనన్నారు. ఏప్రిల్ 3న ఉదయం స్క్రీన్ తెరిస్తే 417 నిండుగా, ఇంటికి వ్యతిరేక దిక్కులో వెయ్యి మైళ్ల ప్రయాణానికి బయల్దేరి ఉంది. షిఫ్టు మారినప్పుడు ఎవరికో చెప్పడం మరిచారు. ఆ మూడు వారాల టెన్షన్ నేను దేనికీ పడలేదు. లేచిన వెంటనే ఫోన్‌లో ట్యాగు ఎక్కడ పలికిందో చూడటం. ఒక యార్డులో ఐదు రోజులు కదల్లేదు. మంచి ఆర్డరులో ఉన్న పెట్టె కాబట్టి ఎవరూ పట్టించుకోరు, చెడిపోయినదాన్నైతే వెంటనే రిపేరు లైనులోకి తోసేవాళ్లు. ఫోన్ల మీద ఫోన్లు చేశాం. ఏప్రిల్ 24న ఖాళీ అయింది. గడువుకు తొమ్మిది రోజుల ముందు తుక్కు యార్డు గేటు దాటింది.

నేను వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు, సెలవు పెట్టి వెళ్లాను.

అప్పటికి దాని మార్కు మీద నల్లరంగు కొట్టేశారు. తుక్కయ్యే పెట్టె మీద యజమాని అక్షరాలు ఉండకూడదు. ట్యాగులు రెండూ విప్పారు. చెక్క నేల పలకలు ముందే పీకేశారు, గ్యాస్ కట్టర్ పెడితే అంటుకుంటాయని. బ్రేకు కడ్డీలు విప్పాక క్రేను పెట్టెను పైకెత్తింది. ఇక్కడ నాకు తెలియని ఒక విషయం కళ్లారా చూశాను. పెట్టె నాలుగేసి చక్రాలున్న రెండు చట్రాల మీద, అంటే ట్రక్కుల మీద, ఊరికే కూర్చుని ఉంటుంది. మనం మొత్తం పెట్టెను బోగీ అంటాం గానీ అసలు బోగీ అంటే ఈ చట్రమే. బిగించిన బోల్టు ఒక్కటి లేదు. గుండ్రటి గిన్నెలో గుండ్రటి పలక, మధ్యలో ఒక పిన్ను, మిగతాదంతా బరువే. యాభై ఏళ్లు ఇలా కూర్చునే కొన్ని లక్షల మైళ్లు తిరిగింది. క్రేను ఎత్తితే కుక్కర్ మూతలా లేచింది. ట్రక్కులు రెండూ పట్టా మీదే ఉండిపోయాయి.

పెట్టెను పక్కకు పడుకోబెట్టి కోయడం మొదలుపెట్టారు. ఐదడుగులు మించకుండా ముక్కలు, స్టీలు కొలిమి నోట్లో పట్టేలా. నిప్పురవ్వల వెనక నీలం రంగు ఒక్కసారి కాలి నల్లబడింది. ట్రక్కులు మాత్రం కోయరు. చక్రాలు, బేరింగులు, సైడ్ ఫ్రేములు బాగుంటే తనిఖీ చేసి వేరే పెట్టెల కింద వేస్తారు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. సైడ్ ఫ్రేము పోత మీద 75 అని ఉబ్బెత్తు అంకెలు. చక్రం మీద 2011.

ఎవరూ చూడటం లేదనుకుని ట్రక్కు మీద రెండు చేతులూ ఆనించి తోశాను. నాలుగు టన్నుల ఇనుము. చప్పుడు లేకుండా కదిలింది, ఒక అడుగు, రెండడుగులు. క్రేను పైనుంచి ఎవరో గట్టిగా అరిచారు. యార్డు మనిషి పరుగెత్తుకొచ్చి చక్రం కింద చెక్కదిమ్మ పెట్టాడు.